నన్ను ఒకే బొమ్మ ముందర కూర్చోబెట్టిన రోజు

ఆ రోజుల్లో, అంటే మా ధర్మవరం లైన్లో ఇంకా బొగ్గు రైళ్లే నడుస్తాన్నప్పుడు, కాళ్లు రానోళ్లు అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్లను చూడాల్సిందే. తామే పోయి ఏదైనా చూసి రావాలనుకుంటే అది గొంతెమ్మ కోరిక కింద లెక్క. నాకు రెండో ఏట జ్వరమొచ్చి కాళ్లు చచ్చుబడినాయి. (నోరు మాత్రం చచ్చుబడలేదని మా అవ్వ వచ్చినోళ్లకల్లా చెప్పేది.) నాకు పెళ్లీడొచ్చినాక మా నాయన ఒక పేము కుర్చీకి సైకిల్ చక్రాలు బిగించి బండి చేయించినాడు. దాంట్లో కూర్చున్నాక నా రోషం తగ్గకపోగా ఇంకా పెరిగింది. ఎందుకంటే అంతవరకూ నేను ఎక్కలేని మెట్లన్నీ నా కాళ్ల తప్పనుకున్నా. బండి వచ్చినాక అవి కట్టినోళ్ల తప్పని తెలిసింది.

హిందూపురంలో ఒక సావుకారు కొడుకు బొంబాయిలో చదువుకొని వచ్చి, వాళ్ల పాత బంగళాలో కొత్తరకం బొమ్మల చిత్రశాల పెట్టినాడని ఆ ఊళ్లో ఉండే మా పిన్నమ్మ చెప్పింది. ఆ బొమ్మల్లో మనిషికి ముక్కు యాడుంటాదో వెతుక్కోవాలంట. అది విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. నాయనను సతాయించి, బండిని గార్డు పెట్టెలో వేయించి, పెనుకొండ కొండను కిటికీలోనుంచి చూసుకుంటా హిందూపురంలో దిగినాను. స్టేషనుకు ఎదురొచ్చిన పిన్నమ్మ బండి తోసుకుంటా బంగళా దాకా తీసుకుపోయింది. ముందర నిలువు మెట్లు. మెట్ల కింద వాచ్‌మన్.

"సైకిళ్లు ఆ చెట్టుకింద పెట్టాలమ్మా" అన్నాడు.

"ఇది సైకిల్ కాదప్పా, కుర్చీ."

"చక్రాలుండాయి గదా. చక్రాలుండేవేవీ లోపలికి రాకూడదు. కొత్త గచ్చు, గీతలు పడతాయంట."

పిన్నమ్మ సగం కన్నడంలో, సగం తెలుగులో కడిగిపెట్టింది. ఆయన రెండూ విని, రెండింటికీ అదే జవాబు చెప్పినాడు. అట్లని చెడ్డోడు కాదు. నన్ను చూస్తే జాలేసినట్లుండాది, రోడ్డు మీద పోతాండే ఇద్దరు హమాలీలను పిలిచినాడు. వాళ్లు నన్నొక మాట అడగకుండానే ఒకరు భుజాల కింద, ఒకరు మోకాళ్ల కింద చేతులేసి ఎత్తేసినారు. దించమని నేను అరస్తాంటే, భయపడొద్దు పాపా, ఈ ఇంటి పెద్ద గడియారం కూడా మేమే మోసినామని ధైర్యం చెప్పినారు. గడియారం మాదిరే తీసుకుపోయి, ఆనుకునేదానికి వీపు కూడా లేని బల్ల మీద, ఒక బొమ్మకు ఎదురుగా కూర్చోబెట్టి వెళ్లిపోయినారు. ఒక చుట్టు చూసొస్తానని పోయిన పిన్నమ్మకు పక్క గదిలో మడకశిర స్నేహితురాలు కనపడింది. ఇంకేముంది, కన్నడంలో నవ్వులు వినపడతాండాయి, మనిషి మాత్రం రాదు.

మెడ తిప్పితే ఒక పక్క కిటికీ, ఇంకో పక్క ఎవరివో వీపులు. చూసేదానికి నాకు మిగిలింది ఆ ఒక్క బొమ్మే. అదీ ఏం బొమ్మ? ఎర్రమట్టి రంగు పులిమి, అడ్డంగా ఒక నల్ల గీత, మూలన కాస్త పసుపు. ఎవరో చేతులు తుడుచుకున్నట్లుండాది. వాచ్‌మన్ మీద కోపం, హమాలీల మీద కోపం, పిన్నమ్మ మీద కోపం, అన్నీ ఆ బొమ్మ మీదే తీర్చుకున్నా. మనసులో దాన్ని తిట్టని తిట్టు లేదు. తిట్టి తిట్టి అలిసిపోయినాక, ఆ నల్ల గీత పక్కన ఇంకో సన్న గీత ఉండాదని కనపడింది. ఎండిపోయిన ఏటిలో ఎవరో ఒక్కరే నడిచిపోయిన జాడ మాదిరి. ఇంతసేపూ అది యాడుండిందో.

అప్పుడు వెనక నుంచి ఒక సన్నటి కుర్రమనిషి వచ్చి నా ముందర నిలబడినాడు. జుబ్బాకు రంగుల మరకలు. ఆయనే సావుకారు కొడుకు.

"చానాసేపటి నుంచి మీరు దీన్నే చూస్తాండారు. ఇప్పటిదాకా దీని ముందర ఇంతసేపు ఎవరూ ఉండలేదు" అన్నాడు. కండ్లలో నీళ్లు తిరిగినాయి.

"తిప్పేవాళ్లు లేక చూస్తాండా సార్. నా కుర్చీని చెట్టుకింద పెట్టించినారు" అన్నాను.

పాపం, ఆయన ముఖం చిన్నబోయిన తీరు నాకింకా కండ్లకు కట్టినట్లుండాది. చక్రాలు వద్దని చెప్పింది తానేనని, కుర్చీకి చక్రాలుంటాయని తనకు తోచలేదని నసిగినాడు. తర్వాత తానే కిందికి పోయి, బండిని మెట్ల మీదుగా ఈడ్చుకొచ్చి, నన్ను అడిగి, నేను ఊ అన్నాకనే పిన్నమ్మను పిలిచి దాంట్లోకి మార్పించినాడు. కొత్త గచ్చు మీద మట్టి జాడలు పడతాంటే వాచ్‌మన్ తలుపు దగ్గర నిలబడి గుండె పట్టుకున్నాడు. గదులన్నీ తిరిగినాం. ముక్కు వెతుక్కునే బొమ్మలు కూడా చూసినాం. నేను ఆపమన్న ప్రతిచోటా ఆయన బండి ఆపినాడు. చివరికి ఆ ఎర్రమట్టి రంగు బొమ్మ దగ్గరికి మళ్లా పోనిమ్మని నేనే అడిగినాను.

వచ్చేటప్పుడు ఆయన గేటు దాకా వచ్చి, బొమ్మలు ఎట్లుండాయో చెప్పమన్నాడు. పరీక్ష రాసిన పిల్లోడు మాదిరి నిలబడినాడు. నేను తల ఎత్తి, "మెట్లు బాగలేవు సార్" అన్నాను. పిన్నమ్మ నా భుజం గిల్లింది. రైలెక్కేదాకా అదే మాట నాలో నేను అనుకొని గెలిచినట్లు మురిసిపోయినాను.

ఇప్పుడు జుట్టు నెరిసింది, కొత్త ఊళ్లు తిరిగినాను. యాడన్నా మెట్లు అడ్డమొస్తే ఇప్పటికీ మొదట మెట్ల మాటే ఎత్తుతాను, దాంట్లో తేడా లేదు. కాకపోతే, ఆ గేటు దగ్గర ఇంకొక్క నిమిషం ఆగి, ఆ సన్న గీత నాకు కనపడిందని కూడా చెప్పింటే ఆ మనిషి రాత్రికి ఒక ముద్ద ఎక్కువ తినింటాడేమో అని నవ్వుకుంటా ఉంటాను.