బావ నోరు మూయించిన జపాన్ కట్లెట్టు

మా బావ కోదాడలో గ్రామసేవకుడు. రైతులతో జపాన్ పద్ధతిలో వరి నాట్లు వేయించడం ఆయన పని. దానికోసం ఇచ్చిన శిక్షణలో ఒక జపాన్ నిపుణుడు పందిమాంసాన్ని రొట్టెపొడిలో దొర్లించి, నూనెలో వేయించి, కట్లెట్టు చేసి పెట్టాడట. అప్పటినుంచి మా అక్క ఏం వండినా బావకు రుచించలేదు.

సూర్యాపేటలో మా ఇంటికి వచ్చినప్పుడూ అంతే. అక్క వండిన చేపల పులుసు ఒక్క ముద్ద తిని పళ్లెం పక్కకు జరిపాడు.

"ఇది పులుసా, కాల్వ నీళ్లా? జపానాయన వంట తిన్న నోరు ఇది!"

అందరి ముందూ అన్నాడు. అక్క నవ్వింది. ఆ నవ్వు చూసి నేను పగబట్టాను. ఆ నోటితోనే నా చేతి కట్లెట్టు అడిగించాలి, ఇక అక్క వంటకు వంక పెట్టకుండా చేయాలి. పగబట్టాక అన్నం మానేద్దామనుకున్నాను గానీ పులుసు బాగుంది.

చేసే విధానం ఆయన దగ్గరే లాగాను. "బావా, నీ అంత తెలిసినోళ్లు ఈ జిల్లాల ఎవరున్నరు?" అంటే చాలు. మాంసం మందంగా కోసి, బాగా కొట్టి, ఉప్పూ మిరియాలూ చల్లి, ముందు మైదా, తర్వాత గుడ్డు, ఆపైన రొట్టెపొడి పట్టించాలి. పక్కన దారాల్లా తరిగిన క్యాబేజీ.

రొట్టె దగ్గరే తిప్పలొచ్చింది. అప్పట్లో బ్రెడ్డు జ్వరమొచ్చినవాళ్ల తిండి. మూడు కొనేసరికి కొట్టాయన, "ఎవలకు పానం బాగలేదు?" అన్నాడు.

"ఇంకా ఎవలకూ ఏం కాలేదు" అన్నాను.

ఆ మాట వీధి చివరికి చేరేసరికి మా అమ్మకు సీరియస్ అని మారిపోయింది. ఎవరో కోదాడ బస్సెక్కి అక్కకూ చెప్పారు. ఆదివారం పొద్దున్నే అక్క ఏడుస్తూ, బావ బత్తాయిలు మోస్తూ దిగారు. పేషెంటు వాకిట్లో నిలబడి, నేను తెచ్చిన పందిమాంసం చూసి నన్ను తిడుతోంది.

"నా గిన్నె ముట్టినవంటే సూడు! గాడ పెరట్ల వండుకో పో!"

మా ఇంట్లో ఆ మాంసం మగవాళ్లే వండుకోవాలి, అదీ పెరట్లో మూడు రాళ్ల మీద. పాత రోకలితో మాంసాన్ని కొడుతూ దెబ్బదెబ్బకూ బావ ముఖం తలుచుకున్నాను. చాలా మెత్తబడింది.

మన బ్రెడ్డులో తీపి ఎక్కువ, తొందరగా మాడుతుంది. మొదటి ముక్క కాగే నూనెలో నిమిషానికే నల్లబడింది, లోపల పచ్చి. బావ గొంతు సవరించుకున్నాడు. ఆయన మాట్లాడకముందే కట్టెలు వెనక్కి లాగి, మంట తగ్గించి, రెండోది నింపాదిగా వేయించాను. కత్తి పెడితే కరకరమంది.

బావ మూడు తిన్నాడు.

"ఇంకొకటి వెయ్యి బామ్మర్దీ. అచ్చం అదే!"

గెలిచాను. ఆ గెలుపు ఒక ముక్క నమిలేంతసేపు నిలిచింది. బావ అక్క వైపు తిరిగాడు.

"సూసినవా? మగపిల్లగాడు గిట్ల చేసిండు. నేర్చుకో. ఇగ మనింట్ల ఇదే చెయ్యాలె."

అక్కను కొట్టడానికి ఆయనకు కొత్త కర్ర నేనే చెక్కి ఇచ్చానన్నమాట. ఈసారి అక్క నవ్వలేదు. చేతులు కడుక్కుంది.

"నేర్చుకునుడెందుకయ్యా? చేసెటోడు ఈడనే ఉన్నడు గదా. ఈడనే ఉండి తిను. నేను పోతున్న."

అన్నట్టే సంచి తీసుకుని నడిచింది.

"కోపమొచ్చిందా ఏంది?" అన్నాడు బావ, నోట్లో ముక్కతో.

"లేదు బావా, బస్సొచ్చింది."

పంతానికి ఆయన రెండు రోజులు ఉన్నాడు. నేనూ పంతానికి పూటపూటకూ అదే వేయించి పెట్టాను. అన్నం అడిగితే జపాన్ పద్ధతి కాదన్నాను. మూడో రోజు తెల్లవారకముందే బస్టాండుకు పోయాడు.

తర్వాతి వారం కోదాడ వెళ్లి అక్కను అడిగాను.

"బావ వచ్చిననాడు వంటకు ఏమన్న వంక పెట్టిండా?"

"లే. రెండుసార్లు పెట్టిచ్చుకున్నడు."

"ఏం వండినవ్?"

"వండలే. రాత్రి మిగిలిన అన్నం, ఉల్లిగడ్డ."