గోతుల సోమేశ్వరరావు

మా సోమేశ్వరరావు గోతులు తవ్వకుండా పరిగెత్తలేడు. ఇంకొకళ్ళకి తవ్వే గోతులు కావు, పాపం. తన పాదాలకి సరిపోయేటట్టు నేలలో ముందొకటి, వెనకొకటి. వాటిలో మునికాళ్ళు ఆనించి, చేతివేళ్ళు నేలకి తాకించి, నడుం పైకెత్తి, ఎవరైనా "రెడీ... గో" అంటే తప్ప కదిలేవాడు కాదు. ఆ రోజుల్లో వంద గజాల పందెగాళ్ళందరూ అలాగే తవ్వుకునేవాళ్ళు. కాకపోతే వాళ్ళు మైదానంలో తవ్వుకునేవాళ్ళు. వీడు ఎక్కడ పరిగెత్తాల్సి వస్తే అక్కడ తవ్వేవాడు. అందుకోసం మేస్త్రీలు వాడే తాపీ ఒకటి ఎప్పుడూ నడుముకి దోపుకుని తిరిగేవాడు.

కాకినాడలో చదువుకునేటప్పుడు మా ఇద్దరిదీ ఒకే గది. హాస్టల్లో భోజనాల గంట కొట్టగానే అందరూ పరుగో పరుగు. వీడు మాత్రం గది ముందు కూర్చుని తవ్వేవాడు.

"రెడీ అనరా మూర్తీ."

"అవతల పప్పు అయిపోతుందిరా!"

"ముందు నువ్వు అను."

నేను అనేవాణ్ణి. ఇక చూడాలి. అందరికంటే ఆఖర్న బయల్దేరినవాడు సగం మందిని దాటేసి విస్తరి ముందు కూర్చునేవాడు. వంద గజాల్లో మా కాలేజీలో వాణ్ణి మించినవాడు లేడు. నాకు మాత్రం పప్పు దక్కేది కాదు.

సెలవులకి అమలాపురం వస్తే ఇంట్లోనూ అదే వరస. వాళ్ళమ్మ మంగాయమ్మగారు ఉప్పు తెమ్మంటే పెరట్లో రెండు గోతులు, బెల్లం తెమ్మంటే ఇంకో రెండు. ఆవిడ మొదట్లో తిట్టింది. తరవాత వాటిలో బెండగింజలు పాతేసింది. "ఎలాగూ తవ్వేడు కదా బాబూ, ఊరికే పోనివ్వడం ఎందుకూ?" అంది నాతో. ఆ ఏడాది వాళ్ళు బెండకాయలు కొనలేదు.

బి.ఏ. అయిపోయింది. తాలూకా ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం పిలిచి ఇస్తామన్నారు. వీడు వెళ్ళలేదు.

"పరిగెత్తి బతుకుతానమ్మా. జీతం ఇచ్చేవాడు దొరికేదాకా ఇంకో పని చెయ్యను."

"పరిగెత్తితే జీతం ఎవరిస్తార్రా? వీధిలో కుక్కలు పరిగెత్తట్లేదూ?"

"వాటికి ప్రాక్టీసు లేదమ్మా."

ఇంత మొండితనం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. ఏడాది తిరిగేసరికి జీతం ఇచ్చేవాడు నిజంగానే దొరికాడు.

మంగరాజుగారికి అమలాపురం నుంచి రావులపాలెం రేవుకి బస్సు నడిచేది. అప్పటికి గౌతమి మీద వంతెన లేదు. బస్సు ఏటిగట్టు దగ్గర ఆగేది. అక్కణ్ణించి జనం మూటలు నెత్తిన పెట్టుకుని ఇసుకలో నడిచి లాంచీ ఎక్కాలి. ఎండాకాలం నీరు వెనక్కి పోతే ఆ ఇసుక మూడువందల గజాలు ఉండేది. లాంచీ తప్పితే మళ్ళీ సాయంత్రమే. అందుకని రాజుగారు లాంచీ వాళ్ళతో ఒక కట్టుబాటు చేసుకున్నారు. బస్సు తాలూకు మనిషి ఇసుకలో వస్తూ కనిపిస్తే లాంచీ కదలకూడదు. ఆ మనిషి వచ్చి లాంచీ తాడు ముట్టుకోగానే దాన్ని నడిపే సరంగు సూర్యారావు చుట్ట వెలిగిస్తాడు. అది కాలేలోపు ఎక్కినవాళ్ళు ఎక్కినట్టు, మిగిలినవాళ్ళు మిగిలినట్టు.

ఆ మనిషి ఎంత జోరైనవాడైతే అంత మంచిదని రాజుగారు అనుకున్నారు. మా వాణ్ణి పెట్టుకున్నారు. గట్టు మీద పాకలో టిక్కెట్లు ఇచ్చే పనికి నన్నూ పెట్టుకున్నారు.

"ఇవాల్టి నుంచి నేను ప్రొఫెషనల్‌నిరా మూర్తీ. ఇక కాలేజీ పందేలకి నన్ను రానివ్వరు. డబ్బు పుచ్చుకున్న కాళ్ళివి" అన్నాడు, పంచె పైకి లాగి పిక్కలు చూపిస్తూ.

మొదటిరోజు బస్సు ఆగింది. వాడు దూకి గోతులు తవ్వాడు. నేను గో అన్నాను. ఇసుక లేచింది. వంద గజాలు వెళ్ళి టక్కున ఆగి, చతికిలబడి మళ్ళీ తవ్వడం మొదలుపెట్టాడు. నేను హడిలిపోయి పరిగెత్తాను.

"ఏవైందిరా?"

"హీట్ అయింది."

"హీట్ ఏవిటీ?"

"నాది వంద గజాల ఈవెంటు కదా. ఇది హీట్, మొదటి రౌండు. ఇప్పుడు సెమీఫైనల్. ఆ తరవాత ఫైనల్. రెడీ అను."

అప్పణ్ణించి రోజూ మూడుసార్లు రెడీ అనడానికి నేను వాడి వెనకాల పరిగెత్తాలి. జీతం వాడికి, రొప్పు నాకు. వాడు తవ్వుతూంటే గొడుగులవాళ్ళూ, చంటిపిల్లల తల్లులూ పక్కనించి దాటిపోయేవారు. అందరికీ వెనక వీరాయమ్మ వచ్చేది. ఆవిడకి మోకాళ్ళు పట్టేసి అడుగు తీసి అడుగు వెయ్యడమే గండం. మొగుడు రాజమండ్రి ఆస్పత్రిలో మంచం మీదున్నాడు. బుధవారాలూ శనివారాలూ ఆయనకి కేరేజీ పట్టుకెళ్ళేది. మా వాడి పక్కన కాసేపు ఆగి, "తవ్వు నాయనా, తవ్వు. నీళ్ళు పడితే చెప్పు" అని సాగిపోయేది.

కొత్తపేట దాకా నవ్వులే నవ్వులు. "రాజుగారి పరుగుమనిషి కంటే ముందు వీరాయమ్మ లాంచీ ఎక్కేస్తోందట" అని కాఫీ హోటళ్ళలో చెప్పుకునేవారు. నాకు మండిపోయింది.

"జిల్లాలో నిన్ను కొట్టేవాడు లేడు. ఆ ముసలమ్మ దాటేస్తోందిరా!"

"దాటనీ" అనేవాడు తలెత్తకుండా.

ఆ నవ్వులు చివరికి మంగరాజుగారి చెవిన పడ్డాయి. ఒక మంగళవారం సాయంత్రం పాకకి వచ్చేశారు.

"ఏవండీ సోమేశ్వరరావుగారూ, నేను జీతం ఇస్తున్నది పరిగెత్తడానికాండీ, నుయ్యి తవ్వడానికాండీ?"

"పరిగెత్తడానికేనండి, ఆయ్."

"రేపు నాకు రాజమండ్రి కోర్టులో వాయిదా ఉంది. నేనూ మన బస్సులోనే వస్తున్నాను. గట్టు దగ్గర బయల్దేరితే లాంచీ దగ్గరే ఆగాలి మీరు. మధ్యలో ఒక్క గొయ్యి కనిపించిందో, ఎల్లుండి నుంచి మీరు రానక్కర్లేదు."

అని, వాడి నడుమునున్న తాపీ లాగేసుకుని సంచీలో వేసుకున్నారు. పరుగుకి జీతమిచ్చే ఇంకో మనిషి ఎక్కడ దొరుకుతాడు? మా వాడి మొహం చూడలేకపోయాను.

"పోనీలేరా. రేపు ఏకబిగిన పరిగెత్తు. నవ్విన వాళ్ళ నోళ్ళు మూతపడతాయి" అన్నాను.

"రేపు బుధవారం కదూ?" అన్నాడు వాడు ఏట్లోకి చూస్తూ.

మర్నాడు బస్సు ఆగింది. గట్టు దగ్గర మడమతో రెండు గుంటలు చేసుకున్నాడు. బయల్దేరే చోటివే కాబట్టి రాజుగారు ఏమీ అనలేదు. నేను గో అన్నాను.

అదీ పరుగంటే! వంద గజాలు దాటాడు, ఆగలేదు. రెండువందలు దాటాడు, ఆగలేదు. జనం మూటలు దించుకుని నోళ్ళు తెరిచారు. నాకు ఒళ్ళంతా పులకరించిపోయింది. వాడి వెనకాలే పడి పరిగెత్తాను. అవతల సరంగు చుట్ట నోట్లో పెట్టుకుని అగ్గిపెట్టె తీశాడు. తాడు ఇంకా ఒక్క గజం ఉందనగా మా వాడు టక్కున ఆగిపోయాడు. మోకాళ్ళ మీద కూలబడి వట్టి చేతుల్తో తవ్వడం మొదలుపెట్టాడు.

రాజుగారు అప్పటికి ఇసుక మధ్యలో ఉన్నారు. బస్సు ఆయనదే గానీ, ఆ ఇసుకలో అడుగు పెట్టడం ఆయనకి అదే మొదలు. భారీ మనిషి. అడుగడుగుకీ చెప్పులు కూరుకుపోతున్నాయి. అందరూ దాటిపోగా, చివరికి ఆయనా వీరాయమ్మా మిగిలారు.

"నా భుజం పట్టుకోండి బాబూ" అంటోంది ఆవిడ.

"ఏవయ్యా! ఆగేవే? తాడు ముట్టుకో!" అని రాజుగారు అక్కణ్ణించే కేక వేశారు.

"ఇంకా గజం ఉందండీ!"

"గజానికి గొయ్యేవిటయ్యా?"

"ఫైనలండీ!"

సరంగు సూర్యారావు చేతులు జోడించాడు. "మీరు కేకలెయ్యకండి రాజుగారూ! ఆయన తాడు ముట్టుకుంటే నేను చుట్ట ముట్టించాలండి. ముట్టించేనంటే మీరిద్దరూ ఇసకలోనే ఉండిపోతారండి, ఆయ్!"

రాజుగారు ఎదురుగా ఉన్న ఇసుక చూశారు. పక్కన కేరేజీ పట్టుకుని కుంటుతున్న వీరాయమ్మని చూశారు.

"నేనొచ్చినప్పుడల్లా ఇంతేనండి బాబూ. నేను లాంచీ బల్లెక్కేదాకా తవ్వుతానే ఉంటాడు" అంది ఆవిడ. "ఇంకా నీళ్ళు పడలేదు పాపం."

ఆవిడకి మొదటినుంచీ తెలుసు. సరంగుకీ తెలుసు. తెలియనిది రాజుగారికీ నాకూను. ఒకే గదిలో నాలుగేళ్ళు పడుకున్నవాడు నాతో ఒక్కమాట అనలేదు! తరవాత నిలదీస్తే, "పరిగెత్తడానికి పెట్టుకున్నారురా. ఆగడానికి జీతం అడిగితే ప్రొఫెషనల్‌కి పరువేం ఉంటుంది?" అన్నాడు.

రాజుగారూ వీరాయమ్మా ఒకరినొకరు పట్టుకుని మొత్తానికి లాంచీ ఎక్కారు. మా వాడు గోతుల్లో కాళ్ళు ఆనించి, నడుం పైకెత్తి సిద్ధంగా ఉన్నాడు. రెడీ అనబోతూంటే రాజుగారు చెయ్యెత్తి నన్ను ఆపారు. మొహం తుడుచుకుని, జేబులోంచి గడియారం తీశారు.

"రెడీ..." అన్నారు రాజుగారు. "గో!"

సోమేశ్వరరావు ఒక్క గజం పరిగెత్తి తాడు పట్టుకున్నాడు. సరంగు చుట్ట వెలిగించాడు.

"టైమెంతండీ?" అని అడిగాడు మా వాడు రొప్పుతూ.

రాజుగారు గడియారం కేసి చాలా శ్రద్ధగా చూశారు. "రికార్డేనయ్యా" అన్నారు. సంచీలోంచి తాపీ తీసి వాడి చేతికిచ్చారు.

"ఎల్లుండి మా వియ్యపురాలుగారు వస్తున్నారు. ఆవిడ నడక మరీ నెమ్మది. కాస్త లోతుగా తవ్వండి."