ద్రవ నైట్రోజన్‌కు రాయని సిఫారసు

2011 జూన్‌లో నన్ను రాయపూర్‌లోని ఒక ప్రభుత్వ విభాగానికి ఉపసంచాలకుడిగా బదిలీ చేశారు. చిన్న పరిశ్రమలు చేసే పరిశోధనకు సాయం సిఫారసు చేయడం నా పని. ఆ ఏడాది వచ్చిన దరఖాస్తుల్లో అతివాహకతకు సంబంధించింది ఒక్కటే.

పంపినవాడు అప్పలనాయుడు. శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడ్డ రైల్వే కుటుంబం వాళ్లది. ఊళ్లోనే గుఢియారీ అనే పేటలో మోటార్లకు తీగ చుట్టే వర్క్‌షాపు నడిపేవాడు. కొన్ని పదార్థాలను బాగా చల్లబరిస్తే వాటిలో కరెంటుకు అడ్డే ఉండదు; అతివాహకత అంటే అదే. అలాంటి పట్టీతో బలమైన అయస్కాంతం చేసి, పింగాణీకి వాడే తెల్లమట్టిలోంచి సన్నటి ఇనుప రజను లాగేయాలని అతని ఆలోచన. ఇంజనీరింగ్ కాలేజీ అధ్యాపకురాలు ఒకామె డిజైను చూసిపెట్టింది. నిపుణుల సంఘం ఆమోదించింది. సాయం డబ్బుతో పట్టీ వచ్చింది, దాంతో అయస్కాంతపు చుట్ట తయారైంది.

ఇక దాన్ని ద్రవ నైట్రోజన్‌లో ముంచి నెలల తరబడి నడపాలి. నిబంధనల్లోనేమో సాయం ‘మన్నికగల సామగ్రి’కే అని ఉంది. నైట్రోజన్ ఆవిరైపోయే సరుకు. అప్పలనాయుడు నా గదికి వచ్చి, కూర్చోమన్నా కూర్చోలేదు.

“సాబ్, నైట్రోజన్ లేకపోతే ఇది ఉత్త రేకండి. చల్లబరచకుండా ఏం చూపించమంటారు?”

నిబంధన సడలించే అధికారం కార్యదర్శికి ఉందని నాకు తెలుసు. ఫైల్లో ఒక పేరా రాసి పైకి పంపితే సరిపోయేది. కానీ అంతకుముందు పనిచేసిన చోట ఇలాంటి సడలింపే అడిగి, ఆడిట్‌వాళ్లకు రెండేళ్లు జవాబులు రాసుకున్నాను. ‘నిబంధన అనుమతించదు’ అని రాసి సంతకం చేశాను. పైన అడిగే దారి ఉందని అతనికి కూడా చెప్పలేదు.

అతను వీలైనప్పుడల్లా సొంతంగా నైట్రోజన్ తెప్పించుకున్నాడు. అయస్కాంతం పనిచేసింది, మట్టి తెల్లగా వచ్చిందని నమూనా తెచ్చి చూపించాడు. అయితే మాటిమాటికీ చల్లబడి వేడెక్కడంతో పట్టీ పొరలు విడిపోయాయి. ఆపకుండా నడిపితే అలా జరిగేది కాదని అధ్యాపకురాలు చెప్పింది. ఈలోగా పథకం గడువు ముగిసింది. అప్పలనాయుడు మళ్లీ మోటార్ల పనికే పరిమితమయ్యాడు.

రిటైరయ్యాక గుఢియారీ వెళ్లి జరిగినదంతా అతనితో చెప్పాను. చేతిలో ఉన్న తీగ పక్కన పెట్టాడు.

“అప్పుడే చెప్పుంటే నేనే వెళ్లి అడిగేవాణ్ణి కదండీ,” అన్నాడు.

నిబంధన ఏమంటుందో ఫైల్లో రాస్తే అధికారి పని సగమే అవుతుంది. దాన్ని ఎవరు సడలించగలరో కూడా రాయాలి. ఆ రెండో సగం నాకు తెలుసు. తెలిసే వదిలేశాను.