రెండు పూటల పరీక్ష

వన్ టౌన్‌లో పాత కంప్యూటర్లమ్మే పెద్దాయన, అంతకుముందు పామర్రులో గేదెల బేరగాడు. ఆయన చెయ్యి పడితే వట్టిపోయిన గేదె కూడా చెంబుడు పాలిచ్చేదని నేను ఒట్టేసి చెబుతాను. రెండు పూటలు పాలు పిండి చూపించందే అమ్మేవాడు కాదు. కంప్యూటర్లకూ అదే పద్ధతి.

రెండువేల మూడులో, ఇంట్లో పిన్‌బాల్, అదే మీటలు నొక్కి తెరమీద బంతిని ఎగరగొట్టే ఆట, ఆడుకోవడానికి చవకలో ఒకటి కావాలని వెళ్లాను. నా డబ్బుకు అందుబాటులో ఉన్నది ఒక్కటే.

"బంతి ఆగి ఆగి పోకూడదండీ," అన్నాను.

"రెండు పూటలు ఆడించి చూస్తాగా!" అంటూ కంప్యూటర్ పెట్టె వీపు నిమిరి, తనే ఆడటానికి కూర్చున్నాడు.

సాయంత్రానికి బంతి చేపపిల్లలా జారుతోంది.

"బాగుంది కదండీ, ఇచ్చేయండి."

"రేపు ఇంకో పూట చూద్దాం."

అలా వారం తిప్పాడు. చివరికి పక్కనే నాకో కుర్చీ వేశాడు.

"దీన్ని అమ్మేస్తే నాకేం తోస్తుంది బాబూ? కూర్చోండి, ఎడమ మీట మీరు నొక్కండి."