బావతో పలుగురాళ్ళ గుట్టకు

రాళ్ళు ఏరుకోవడానికి బస్సెక్కి, కొండెక్కి, రాత్రంతా బండ కింద పడుకుని వచ్చేవాళ్ళు ఉంటారా అని మీకు నవ్వు రావచ్చు. మా బావ రామన్నకు అదే పిచ్చి. మాగడి రోడ్డులో పలుగురాయిని పిండి చేసే మిల్లులో ఆయనకు పని. ఆ పిండి గాజుకూ పింగాణీకీ పోతుంది. లారీ కుమ్మరించిన రాళ్ళలో తళతళలాడే ముక్క కనబడితే దాన్ని మర నోట్లో వెయ్యడానికి ఆయనకు చెయ్యాడదు. జేబులో వేసుకుని కాటన్‌పేటలో మేమంతా ఉండే ఇంటికి తెస్తాడు. కిటికీ గట్టు నిండా అవే. ఏడాదిగా పొడిదగ్గు పట్టుకుని వదలడం లేదు. ఆ దుమ్ములో పని మానెయ్యమని డాక్టరు చెప్పినా చెవిన పెట్టలేదు.

చిక్కబళ్ళాపురం దగ్గర వాళ్ళ ఊరి గుట్టమీద చిన్నప్పుడు వేలెడు పొడుగు స్ఫటికాలు దొరికేవట. శని, ఆదివారాలు పోయి వద్దామని ఆయనే అన్నాడు. మా అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది. “నా మాటంటే ఆయనకు లెక్క లేదప్పా. కొండమీద మనసు బాగుంటాది, అప్పుడు చెప్పు. ఎట్లన్నా చేసి ఆ మిల్లు మానిపించు కిట్టా. నాకింకేమీ వద్దు.”

బావ విననే విన్నాడు. “దినామూ సాయంత్రం మిల్లులో బెల్లం పెడతారు గదే! బెల్లం తింటే దుమ్ము గొంతులో నిలవదు, కిందికి జారిపోతాది. అందరూ తింటాండారు, నాకొక్కడికేనా భయం?” అని నవ్వబోయి దగ్గాడు.

రెండు వారాలు ఏర్పాట్లు చేసుకున్నాం. గుట్టమీద నీళ్ళుండవని పాతసామాన్లమ్మే గుజరీలో రెండు మిలిటరీ నీళ్ళ సీసాలు కొన్నాను. రాగిపిండి, శనగకాయల పొడి, జంపఖానా, లాంతరు, గోనెసంచి, సుత్తి, ఉలి సర్దుకున్నాం. వీటన్నిటికంటే ముందు బావ బెల్లం అచ్చు సంచిలో వేశాడు.

శనివారం తెల్లవారగానే కలాసిపాళ్యంలో బస్సెక్కాం. మనిషికి రూపాయిన్నర. దేవనహళ్ళిలో ఇడ్లీ, కాఫీకి ఆగుతుంది. అక్కడే కడుపు నింపుకోండి, తర్వాత ఏమీ దొరకదు. చిక్కబళ్ళాపురంలో జట్కావాడు గుట్ట దాకా రెండు రూపాయలడిగి, ఒకటిన్నరకు దిగాడు.

“గుట్టమీద ఏముందప్పా, దేవుడా?” అన్నాడు.

“రాళ్ళకు పోతాండాం,” అన్నాడు బావ.

“రాళ్ళకా! తొందరగా పోండి మరి. గుట్ట సగమే ఉండాది ఇప్పుడు.”

వాడి మాట మాకు అర్థం కాలేదు. ఎక్కడం గంట పని, మాకు మూడు గంటలు పట్టింది. నాలుగడుగులు వేయగానే బావ వంగి ఒక రాయి తీసి, అటూ ఇటూ తిప్పి చూసేవాడు. ఏం దొరికిందోనని మొదట నేనూ ఆశగా వంగాను. తర్వాత చూస్తే అవన్నీ ఉత్త గులకరాళ్ళే. ఊపిరి తీసుకోవడానికి ఆగుతున్నట్టు నాకు తెలియకూడదని ఆయన తాపత్రయం. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మొహం తిప్పుకున్నాను.

పైకి చేరాక జట్కావాడి మాట అర్థమైంది. గుట్ట అవతలి సగం లేదు. పెద్ద గుంత, దాని అంచున లారీ బాట, దానిమీద ఒక లారీ. ఆ లారీ బావ మిల్లుకు రోజూ వచ్చేదే. పది పన్నెండుమంది ఆడవాళ్ళు పలుగురాళ్ళు కొడుతున్నారు, తలలన్నీ దుమ్ముతో తెల్లగా ఉన్నాయి. వాళ్ళలో ఒకామె దగ్గింది. బావ చప్పున ఆగిపోయాడు. మా ఇంట్లో గోడ అవతలినుంచి వినిపించే బావ దగ్గే అది, తేడా లేదు.

“ఎన్నాళ్ళయిందమ్మా ఈ దగ్గు?” అనడిగాడు.

“రెండేండ్లయింది సామీ. దుమ్ము గదా! బెల్లం పెడతారు మాకు. బెల్లం తింటే దుమ్ము కిందికి జారిపోతాది, ఏమీ కాదు,” అని ఆమె మళ్ళీ దగ్గడం మొదలుపెట్టి, సుత్తి కింద పెట్టేసింది.

బావ ముఖం పాలిపోయింది. ఇన్నాళ్ళూ మాకు చెప్పిన తన మాటే ఆమె నోట విన్నాడు. సంచిలోంచి నీళ్ళ సీసా తీసి ఆమె ముందున్న రాళ్ళమీద పోశాడు. “తడిపి కొట్టమ్మా. తడిపితే లేయదు దుమ్ము. మూతికి తడిగుడ్డ కట్టుకో.”

మేస్త్రీ పరుగెత్తుకొచ్చాడు. “ఏయ్, ఎవరప్పా నువ్వు? తాగేదానికే నీళ్ళు లేవీడ, రాళ్ళకు పోస్తాండావా?”

బావ రెండో సీసా ఆమె చేతిలో పెట్టి ఇవతలికి వచ్చేశాడు.

పొద్దు వాలేసరికి ఒక బండ చాటున జంపఖానా పరిచాం. రొట్టెకు పిండి కలుపుకోవడానికి కూడా నీళ్ళు లేవు. శనగకాయల పొడి నములుతూ అక్క చెప్పమన్న మాట చెప్పాను. ఆయన గుంత వైపు చూశాడు. “మానేస్తాలే కిట్టా. నాతో చేరినోళ్ళంతా బెల్లం తిన్నారు. ఇద్దరు పోయినారు. కర్మ అనుకున్నాం.” సంచిలోంచి బెల్లం అచ్చు తీసి బండమీద పెట్టాడు. “చీమలన్నా తింటాయి,” అన్నాడు.

పొద్దున్నే దిగుతుంటే వాననీళ్ళు కోసిన కాలవలో ఒక స్ఫటికం దొరికింది. వేలెడు పొడుగు, నీళ్ళంత తేట. తెచ్చిన సుత్తి ఒక్కసారి కూడా వాడలేదు.

సోమవారం బావ మిల్లుకు పోలేదు. అక్క పట్టరాని సంతోషంతో పాయసం చేసింది. నేనేదో ఘనకార్యం చేసినట్టు రెండు గిన్నెలు తాగాను. కానీ లోపలికి పోయిన దుమ్ము బయటికి వచ్చేది కాదట. వానాకాలం ముగియకముందే బావ పోయాడు. కర్మలన్నీ అయ్యాక అక్క కిటికీ గట్టుమీది రాళ్ళన్నీ గోనెసంచిలో పోసి, “ఎక్కడివక్కడ పారేసి రా,” అంది. ఆ స్ఫటికం కూడా ఉంచుకోలేదు. అదే బస్సు, అదే దారి, ఈసారి ఒక్కణ్ణే ఎక్కాను. మిగతా రాళ్ళు గుట్టమీద పోసి, స్ఫటికాన్ని దొరికిన కాలవలోనే పెట్టాను. గుంత ఇంకా పెద్దదయింది. అప్పుడు దగ్గినామె కూర్చునే చోట వేరే ఆమె ఉంది. అడిగితే, “ఆమెకు చేతగాక ఇంట్లోనే ఉండాది సామీ,” అంది. ఈమె మూతికీ గుడ్డ లేదు.

మీరూ పోవాలనుకుంటే చలికాలంలో పొండి, కాలవల వెంబడి వెతకండి, విడిగా పడి ఉన్నవే ఏరుకోండి. కొట్టక తప్పదంటే ముందు రాయిని బాగా తడపండి. నీళ్ళు మాత్రం మీకు కావలసినదానికి రెట్టింపు మోసుకెళ్ళండి. పైన రాళ్ళు కొట్టేవాళ్ళు ఉంటారు. బెల్లం పనిచెయ్యదని వాళ్ళకు చెప్పండి.