సైకిల్ వీరుడి ఫొటో కింద

మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పకూడదని మా ఇళ్ళలో పట్టింపు. దిష్టి తగులుతుందట. కెనడాలో, బర్నబీలో ఉన్నా నేనూ మా ఆయనా ఆ పట్టింపు తప్పలేదు. మూడో నెల దాటకముందే గర్భం పోయింది. ఉందని చెప్పనిదాన్ని పోయిందని ఎలా చెప్తాం? ఇద్దరం నోరు మూసుకున్నాం.

ఆయన మర్నాడే ఆఫీసు పనిలో పడ్డాడు. నేను సోఫాలో పడ్డాను. ఏడుపు రాలేదు. ఆకలీ వేయలేదు. అన్నం పెట్టుకుంటే తిన్నాను, లేకపోతే లేదు.

మా ఆయనకి సైకిల్ రేసుల పిచ్చి. ఒక డెన్మార్క్ రేసరంటే మరీను. ఆ బక్కపలచని మనిషి కాఫీ తాగుతూ ఫొటో పెట్టినా జనం ఎగబడతారు. పెళ్ళి చేసుకోమని ఒకరు, మా ఇంటికి భోజనానికి రమ్మని ఇంకొకరు. గెలిస్తే సరే, సాక్సు మార్చినా పండగే. నాకు ఒళ్ళు మండేది. ఇంట్లో ట్యాబ్‌లో ఉన్నది మా ఆయన అకౌంటే, అందుకని తెరిస్తే చాలు అతని మొహమే.

ఆ వారం అతను రేసులో పడి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. కట్టుతో ఉన్న ఫొటో కింద ప్రపంచమంతా దిగిపోయింది. ఏ భాషో తెలియని అక్షరాలు, దండాలు, ఎర్ర గుండెలు. ఒక్క మణికట్టుకి ఇంత ఓదార్పా అనుకున్నాను. అది అసూయేనని తర్వాత తెలిసింది. కానీ అప్పుడు ఏమీ అనిపించలేదు, ఊరికే చూశానంతే.

అన్నిటికన్నా పైన తెలుగు కనబడింది. మా ఆయన పెట్టిన కామెంటు.

"నువ్వు పడ్డావని అందరికీ తెలుసు, అదృష్టవంతుడివి. మా బిడ్డ పోయిందని ఎవరికీ తెలియదు. నా భార్య మాట్లాడటం లేదు. అడగాలంటే నాకు భయం."

అంత జనంలో తెలుగు ఎవరు చదువుతారులే అనుకుని ఉంటాడు. ట్యాబ్ సంగతి మరిచిపోయాడు. దాని కింద ఎవరో, ఇతనూ అభిమానే కదా అని, చప్పట్ల బొమ్మ పెట్టారు.

ట్యాబ్ తీసుకుని ఆయన గదిలోకి వెళ్ళాను. మీటింగులో ఉన్నాడు. నా చేతిలో ఉన్నది చూసి హెడ్‌సెట్ తీసేశాడు. నాకు కోపం వస్తుందనుకున్నాను, అదీ రాలేదు.

"మా అమ్మకి చెప్దాం. మనిద్దరి వల్లా కావట్లేదు," అన్నాను.

ఆ సాయంత్రం, ఇండియాలో తెల్లవారాక ఫోన్ చేశాం. ఆయన పక్కనే కూర్చున్నాడు. ఎలా మొదలుపెట్టాలో ఆలోచించుకోలేదు. మొదటి నుంచే చెప్పాలి కదా.

"అమ్మా, నాకు నెల తప్పింది," అన్నాను.

మిగతాది చెప్పేలోపే అవతల అమ్మ గొంతు మారిపోయింది. నాన్నని కేకేసింది. ఎన్నో నెలే అని అడుగుతూనే నవ్వుతోంది, అంతలోనే ఏడుస్తోంది, ఏ దేవుడికో మొక్కుకుంటోంది. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

అమ్మ సంతోషం అయ్యేదాకా ఆగాను.