కెర్నెల్లో బగ్ పట్టుకున్నానండి!

నిన్నటి నుంచి ఆఫీసు మీటింగుల్లో నేను మైకు మ్యూట్‌లోనే ఉంచుకుంటున్నాను. ఎందుకో చెప్తాను, టీ తాగుతూ వినండి.

నాది కెర్నెల్ పనండి, అంటే కంప్యూటర్‌ని లోపల్నుంచి నడిపించే అసలు ప్రోగ్రాం. కంప్యూటర్‌కి పెండ్రైవ్ పెట్టగానే "నీలో ఎంత చోటుంది?" అని అడిగి, అది చెప్పిన లెక్క పట్టుకునే కోడ్ మా టీమ్‌ది. రామచంద్రపురంలో ఇంట్లోంచే చేస్తాను. మండపేటలో మా అత్తవారు మాత్రం నన్ను కంప్యూటర్ డాక్టర్ అనుకుంటారు.

ఆమధ్య ఓ ఆదివారం మామగారి షష్టిపూర్తి వీడియో నేనే కాపీ చేసి పట్టుకెళ్లాను. రెండు టెరాబైట్ల, అంటే రెండువేల జీబీల పెండ్రైవ్! హాల్లో చుట్టాలందరూ సర్దుకుని కూర్చున్నారు. టీవీలో మామగారు దండ పట్టుకుని అత్తగారి వైపు వంగారు. అంతే, అలాగే వంగి ఉండిపోయారు.

"ఏంటండి అల్లుడుగారూ, దండ వెయ్యమంటారా, మానెయ్యమంటారా?" అన్నారు సోఫాలోంచి మామగారు.

"పెండ్రైవ్ బాగానే ఉందండి. కాపీ చేసేటప్పుడు కెర్నెల్ తప్పు చేసింది. బగ్," అన్నాను. అంత ధీమాగా నేను పెళ్లిచూపుల్లో కూడా మాట్లాడలేదు.

ఇంటికొచ్చి చూశాను. మొదటి ఎనిమిది జీబీ శుభ్రంగా ఉంది. ఆ తర్వాత రాసిందంతా గల్లంతు! నా బుర్ర వెలిగింది. సైజు మరీ పెద్దది కదా, ఆ అంకె మా కోడ్‌లో పట్టక సగం తెగిపోతోందన్నమాట. వెంటనే సరిచేస్తూ ప్యాచ్ రాసేసి, మా మేనేజరు ప్రసాద్ గారికి ఫోన్ చేశాను.

"ఇన్నేళ్లూ ఎవరికీ కనపడలేదాండి?" అన్నారాయన.

"నాకు కనపడిందండి," అన్నాను వినయంగా.

ఆయన టీమ్ మొత్తాన్ని చేతిలో పని ఆపించి దీనిమీద కూర్చోబెట్టారు. నా ప్యాచ్ వేసినా గల్లంతే, తీసినా గల్లంతే. మిగతా వాళ్ల దగ్గరున్న పెద్ద డిస్కులేమో ఎలా చూసినా చక్కగా పనిచేస్తున్నాయి.

"అయితే ఇది చాలా లోతైన బగ్," అన్నాను.

నిన్న పొద్దున్న మా ఆవిడ లక్ష్మి టేబుల్ తుడుస్తూ ఆ పెండ్రైవ్ తీసి పక్కన పెట్టబోయి, ఆగి, చెవి దగ్గర ఊపింది.

"ఏవండీ, ఇందులో ఏదో గలగలమంటోంది."

స్క్రూడ్రైవర్‌తో విప్పాను. లోపల ఫోన్‌లో వేసుకునే చిన్న మెమొరీ కార్డు. దాని మీద ఎనిమిది జీబీ అని రాసుంది. పక్కన, బరువు కోసం, ఒక ఇనప నట్టు. పెండ్రైవ్ అబద్ధం చెప్పింది, మా కెర్నెల్ పాపం నమ్మింది.

అసలు వీడియో ఫొటోగ్రాఫర్ దగ్గర ఉంది కాబట్టి మామగారు ఎట్టకేలకు దండ వేసేశారు. ఇక టీమ్‌కి చెప్పడం మిగిలింది. కాల్‌లో చెప్పాను. ఒక్కొక్కరే కెమెరాలు ఆపేశారు. ఎందుకో నాకు తెలుసు. ప్రసాద్ గారు మాత్రం నవ్వలేదు.

"ఇదెక్కడ కొన్నారండి?"

"తుని స్టేషన్ బయటండి. రెండు కొంటే ఒకటి ఫ్రీ అన్నాడు. అందులో ఒకటి మీ గృహప్రవేశానికి కానుకగా ఇచ్చానండి."

ఆయన పక్కనున్న సొరుగు లాగారు. తర్వాత ఆయన మైకులోంచి గలగలమని చప్పుడు వినిపించింది.

"బోల్టాండి?" అన్నారు.

"నట్టండి," అన్నాను.

ఈ వ్యవహారం మొత్తంలో నేను సరిగ్గా చెప్పింది అదొక్కటే.